వాయిదా నాటి మాత్ర

జమ్మలమడుగు వైపు ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడూ ప్రొద్దుటూరులో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, అదీ ఇదీ మాట్లాడి, చివరకు అందరూ అడిగేది ఒకటే. ఫ్యాక్షన్ రోజుల్లో బాంబు దెబ్బలు ఎన్ని కుట్టారు సార్ అని. కుట్టాను, లెక్కపెట్టుకోలేదు. అందులో గొప్పేమీ లేదు. చేతులు వణక్కుండా ఉంటే ఎవరైనా కుడతారు. బాంబు తగిలినవాడికి ఏమైందో బజారులో పోయే మనిషి కూడా చెప్పగలడు.

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది బాంబు తగలని వాళ్ళు. ఏళ్ళ తరబడి బాంబు కోసం కాచుకొని, కాచుకొని, అది రాకముందే గుండె ఆగి పోయినవాళ్ళు. వాళ్ళ చావులను ఫ్యాక్షన్ ఖాతాలో ఎవరూ వేయలేదు. నేను వేస్తాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పదలచుకున్నది వాళ్ళ గురించే.

నా గురించి రెండు ముక్కలు. మా నాయన ప్రొద్దుటూరులో ఇత్తడి పాత్రలకు కళాయి పోసేవాడు. కొట్టుకు చచ్చే రెండు పక్షాల ఇళ్ళ గిన్నెలూ మా అరుగు మీద పక్కపక్కనే పడి ఉండేవి. నేను డాక్టరునయ్యాక ఆ ఇళ్ళ మనుషులూ అట్లాగే వచ్చారు. సాయిబుకు పక్షం లేదని వాళ్ళ నమ్మకం. పార్టీల వాళ్ళకు ఆ నమ్మకం లేదు. ప్రభుత్వం మారితే ముందు ఎస్సై మారేవాడు, ఆ వెనకనే నేను.

డెబ్భై రెండు

నేను చదువుకున్న చోట రోగుల కాగితాల మీద నాడి ఎప్పుడూ డెబ్భై రెండే. జ్వరమొచ్చినవాడికీ డెబ్భై రెండే, కాన్పు నొప్పుల ఆమెకూ డెబ్భై రెండే. చెయ్యి పట్టుకునేవాడు లేడు, రాసేవాడు మాత్రం ఉన్నాడు. ఒకసారి పొద్దున్నే పోయిన ముసలాయనకు మధ్యాహ్నం దాకా డెబ్భై రెండు నడిచింది. నవ్వుకున్నాం, మళ్ళీ అదే రాశాం. ఇప్పుడు వేలికి తొడిగే మిషను వచ్చింది గదా, ఆ పని పోయిందనుకోకండి. మిషను చూపే అంకెను చూసేవాడు లేకపోతే అదీ డెబ్భై రెండుతో సమానమే.

నాకు ఆ అలవాటు వదిలించింది జమ్మలమడుగులో నా మీది అధికారి. కోస్తా మనిషి. మా మాట ఆయనకు మోటు, ఆయన మాట మాకు సాగదీత. రోగి రాగానే బల్ల మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, ఆయన మాత్రం పేపరు తెరిచి చదువుకునేవాడు. జనానికి ఒళ్ళు మండేది. "ఈయప్ప మనిషిని జూడకుండా పేపరు జూస్తాండాడే" అని నా దగ్గరకొచ్చి గొణిగేవాళ్ళు. నిజం చెప్పాలంటే నాకూ మండేది. బయట అంత గుంపు ఉంటే ఈయనకు పేపరేమిటని.

ఒకరోజు అడిగేశాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఎండలో పడి నడిచొచ్చిన వాడి గుండె ఎండ సంగతే చెబుతుందయ్యా. వాణ్ణి కాసేపు వదిలెయ్. నువ్వు చూస్తున్నావని తెలిస్తే అది కూడా పరిగెత్తుతుంది" అన్నాడు. ఆ పేపరు చాటు నుంచి ఆయన రోగి మెడ దగ్గర కొట్టుకునే నరాన్నీ, కదిలే కాళ్ళనూ చూస్తూనే ఉండేవాడు. మనిషి నిమ్మళించాక చెయ్యి పట్టుకొని నిమిషం నిండా లెక్కపెట్టేవాడు. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగింతలు చేయడం ఆయన దృష్టిలో దొంగతనం. కోపిష్టి, చాదస్తుడు. అయినా నా ఉద్యోగంలో నేను దొరికినందుకు సంతోషించిన అధికారి ఆయనొక్కడే.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదాన్ని వైద్య పరిశోధనలు తరువాత మెల్లగా ఒప్పుకున్నాయి. బీపీ ఉన్నవాళ్ళలో, ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె వేగంగా కొట్టుకునేవాళ్ళు నిదానంగా కొట్టుకునేవాళ్ళ కన్నా ముందే పోయే అవకాశం ఎక్కువ. మాత్రలతో బీపీ దిగినా, నాడి దిగకపోతే ఆ ముప్పు పూర్తిగా పోదు. అయితే మాత్ర వేసి నాడిని దించితే ఆయుష్షు అంతకంత పెరుగుతుందని గట్టిగా చెప్పేవాణ్ణి నమ్మకండి. ఒక్కొక్కరి విషయం ఒక్కో రకం. నాడి ఒక కబురు. ఆ కబురు ఎక్కడినుంచి వస్తోందో వెతకడం మన పని.

పులివెందులలో ఉన్నప్పుడు వేంపల్లె నుంచి గొర్రెలు మేపుకునే ఇంటి ఆమె ఒకరు వచ్చేది. బీపీ, గుండె దడ. మొగుడు కువైట్‌లో ఉన్నాడు కాబట్టి అది బెంగ అని ఊరంతా తేల్చింది, ఇద్దరు డాక్టర్లతో సహా. నేను పేపరు తెరిచి కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా ఆమె గుండె దిగలేదు. అరచేతులు వెచ్చగా, తడిగా ఉన్నాయి, గొంతు ముందు చిన్న వాపు. థైరాయిడ్. దానికి మందు పడ్డాక దడా తగ్గింది, బీపీ కూడా దిగింది. బెంగ లేదా అంటే ఉంది. బెంగ వేరు, జబ్బు వేరు.

మంగళవారం, శనివారం

పులివెందుల నుంచి ప్రొద్దుటూరికి వచ్చాక సాయంత్రాలు మా ఇంటి ముందు గదిలో రోగులను చూసేవాణ్ణి. అక్కడికి వచ్చినవాడు ఓబులన్న. పెన్న అవతల ఒక ఊరికి పెద్ద, పేరు వద్దు. ఆ పక్క ఊళ్ళో ఆయనకు పగవాడు శివన్న. రెండు ఊళ్ళూ చెరొక పార్టీ. ఎన్నికలు వస్తే పార్టీ కోసం కొట్టుకునేవాళ్ళు, పోతే పాత పగ కోసం. ఇద్దరికీ బీపీ. ఇద్దరికీ నేనే డాక్టరును. అందుకని ఓబులన్నకు మంగళవారం, శనివారం శివన్నకు. ఈ ఏర్పాటు నేను చేసింది కాదు, ఆ మాటకొస్తే ఎవరూ చేసింది కాదు. ఒకరి జీపు నా వాకిట్లో కనబడితే రెండోవాళ్ళు ఆ రోజు వదిలేసేవాళ్ళు, అట్లా కుదిరిపోయింది.

ఓబులన్న వస్తే ఆయన వెంట ఆరేడుగురు దిగేవాళ్ళు. బయట జీపు ఆగినా ఇంజను ఆగేది కాదు. ఆయన వీపు గోడకు ఆనించి, చూపు తలుపు మీద పెట్టి కూర్చునేవాడు. అట్లాంటి మనిషి నాడిని విశ్రాంతిలో పట్టుకోవడమంటే పరిగెత్తే గుర్రానికి లాడం కొట్టడమే. పేపరు విద్య ఆయన ముందు పారలేదు. ఆయన నాకన్నా ముందు పేపరు తీసుకొని, అందులో ఎవరు పోయారో వెతికేవాడు.

దారి చూపింది ఆయన భార్య నరసమ్మ. సన్నటి మనిషి, మాట తక్కువ. ఒకరోజు మనుషులనందరినీ రోడ్డు మీదికి పంపేసి, ఇంజను ఆపించి, గుమ్మంలో తలుపుకు అడ్డంగా కూర్చుంది. "ఇంగ పండుకో. ఎవురొచ్చినా నన్ను దాటుకొని రావాల గదా" అంది. ఆయన బల్ల మీద పడుకొని కళ్ళు మూశాడు. అప్పుడు లెక్కపెట్టాను. నూరుకు పైనే. అప్పటికి మాత్రలతో బీపీ దారికి వచ్చింది కూడా. పైకి చూస్తే రాయి లాంటి మనిషి, లోపల గుండె రాత్రీ పగలూ పరుగే.

రక్తం పరీక్షలు, థైరాయిడ్ అన్నీ చూశాను. ఏమీ లేదు. బీడీలు, నిద్ర లేని కాపలా, భయం. భయం అనే మాట మాత్రం ఆయన ముందు అనలేదు. బీడీలు తగ్గించమన్నాను. గుండె వేగం తగ్గించే మాత్ర ఒకటి కలిపాను. నెల తిరిగేసరికి నాడి దిగింది. మిద్దె మీద కాపలాగా కాకుండా ఇంట్లో పడుకుంటున్నాడని నరసమ్మ చెప్పింది. ఆ చెప్పేటప్పుడు ఆమె మొగంలో కనబడిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

చెవు పనిచేయాల

ఆ తరువాత ఒక మంగళవారం ఓబులన్న కోర్టు నుంచి నేరుగా వచ్చాడు. నాడి మళ్ళీ నూరు దాటింది, ఇదివరకటి కన్నా ఎక్కువ. బీపీ ఎక్కడికో పోయింది. మాత్రలు వేసుకుంటున్నావా అంటే ఏసుకుంటాండా అన్నాడు. గుమ్మంలో నుంచి నరసమ్మ నోరు విప్పింది. వాయిదా రెండు మూడు దినాలు ఉందనంగా మాత్ర ముట్టడంది. ఉపవాసం మాదిరి నిష్ఠగా మానేస్తాడంది. ఆయనొక్కడే కాదు, ఆ రెండు ఊళ్ళలోనూ బీపీ మాత్ర మింగే మొగవాళ్ళందరిదీ అదే పద్ధతి.

వాయిదా అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. ఫ్యాక్షన్ మనిషి ఎక్కడ ఉంటాడో, ఏ దారిన వస్తాడో పగవాడికి మామూలు రోజుల్లో తెలియదు. కోర్టు వాయిదా నాడు మాత్రం ఖాయంగా తెలుస్తుంది. చంపేదంతా ఆ దారిలోనే. అందుకే ఆ రోజు గుండె చురుగ్గా ఉండాలని వాళ్ళ లెక్క.

ఓబులన్న సిగ్గుపడలేదు. "ఆ మాత్ర ఏసుకుంటే గుండె మెత్తగా కొట్టుకుంటాది సాయిబూ. గుండె మెత్తగుంటే చెవు పనిచేయదు. మలుపులో జీపు వస్తాందో లేదో చెవుకు తెలియాల గదా" అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. చెవికీ మాత్రకూ సంబంధం లేదన్నాను. ఆ మాత్రను ఉన్నట్టుండి ఆపితే అణిచిపెట్టిన గుండె రెండింతలు ఎగురుతుందని, రక్తనాళాలు మూసుకొని ఉన్నవాడికి ప్రాణం మీదికే వస్తుందని, అదీ భయపడే రోజునే ఆపడం కొరివితో తల గోక్కోవడమని చెప్పాను. ఆయన అంతా విన్నాడు. నవ్వాడు. బాంబుకు లేని భయం బిళ్ళకేంది అన్నాడు. వెంట వచ్చిన తమ్ముడు గురవయ్య కూడా నవ్వాడు. అన్న తెలివి మీద తామంతా బతుకుతున్నామని, ఆ తెలివికి మత్తు పెట్టొద్దని నాకే చెప్పాడు.

ఇక్కడ ఒక మాట. భయంలో పుట్టి పెరిగిన మనిషిని చావు పేరు చెప్పి భయపెట్టలేం. నేను అదే చేశాను, గోడకు చెప్పినట్టయింది. అందుకని దారి మార్చాను. అప్పుడే రెండు ఊళ్ళ మధ్య రాజీ మాటలు నడుస్తున్నాయి. ఓబులన్నకు అది కావాలి. ఇంకొక తరం జీపుల్లో పెరగకూడదని ఆయన పట్టుదల. గురవయ్యకు అంత ఇష్టం లేదు, అన్న మాటకు ఎదురు చెప్పలేక ఊరుకున్నాడు. "ఓబులన్నా, నువ్వుంటేనే రాజీ. నువ్వు పోతే నీ తమ్ముడు ఒక్క దినం ఆగడు. రాజీ అయ్యేదాకన్నా మాత్ర వదలొద్దు" అన్నాను.

ఆ మాట తగిలింది. సరేలే అన్నాడు. నరసమ్మ నా వైపు చూసి తల ఊపింది.

రాజీ పంక్తి

రాజీ కుదిరింది. పెద్దమనుషులు పెట్టిన పద్ధతి ఇది. ప్రొద్దుటూరు కోర్టులో వాయిదా నాడు రెండు పక్షాల సాక్షులూ తమకేమీ తెలియదని చెప్పాలి. కోర్టుకు పోయే ముందు రెండు పక్షాలూ ఒకే పంక్తిలో టిఫిన్ తినాలి. ఆడవాళ్ళను కూడా వెంట తేవాలి. ఆడవాళ్ళు ఎక్కిన జీపులో బాంబులు పెట్టరని.

ఆ పొద్దున నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఓబులన్నను నలుగురు మోసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, చెయ్యి ఛాతీ మీద. ఇ.సి.జి. తీశాం. పెద్ద గుండెపోటు. చేయగలిగింది చేశాం. నా చేతిలోనే పోయాడు. పోయేముందు మాటేమీ చెప్పలేదు, నరసమ్మ కోసం తలుపు వైపు చూశాడు. ఆమె అక్కడే, గుమ్మంలోనే ఉంది. నా రోగుల్లో ఎంతోమంది పోయారు, ఈయన పోయినప్పుడు మాత్రం నాకు ఏడుపు ఆగలేదు.

ఏడవడానికి కూడా తీరిక లేకపోయింది. బయట అరుపులు మొదలయ్యాయి. శివన్నతో ఒకే పంక్తిలో తిన్నాడు, చెయ్యి కడుక్కొని లేవంగానే పడిపోయాడు. ఇంకేం కావాలి? విషం పెట్టారని క్షణంలో ఖాయమైపోయింది. ఆసుపత్రి గేటుకు ఒక పక్క ఓబులన్న జీపులు, ఎదురుగా శివన్నవి. ఇద్దరు కానిస్టేబుళ్ళు మధ్యలో నిలబడి, ఎటు పరిగెత్తాలో చూసుకుంటున్నారు.

గురవయ్య లోపలికి వచ్చాడు. విషమని చెప్పమన్నాడు. గుండెపోటని ఇ.సి.జి. చూపించాను. "ఆ గీతలు నువ్వు గీసినట్టే ఉండాయి. మా అన్న గుండె రాయి. రాయి పగల్తాదా?" అన్నాడు. పోస్టుమార్టం చేస్తారు, లోపలి భాగాలు పరీక్షకు పోతాయి, విషమైతే తేలుతుందన్నాను. ఎన్నాళ్ళకన్నాడు. నెలలు పట్టొచ్చన్నాను. ఆ మాట అంటూనే నాకు తెలిసింది, నెలలు ఆగే మనిషి కాదు, గంట ఆగడు. నేనేం చెప్పినా చదువుకున్నవాడి మాట అంతే. మాపటికి రెండు ఊళ్ళూ తగలబడతాయి.

నరసమ్మ మొగుడి చెయ్యి వదలకుండా మరిది వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. వరండాలో నిలబడ్డవాళ్ళందరికీ వినబడింది.

"అబ్బీ, మొన్నటి నుంచి మీయన్న మాత్ర ఏసుకోలేదు. నేనిస్తే తీసుకున్నాడు. నువ్వొచ్చి రాజీ అని నమ్మొద్దు అన్నా, దారిలో ఏమన్నా జరగొచ్చు, ఈ వాయిదాకు వద్దు అంటివి. చేతిలోది కింద పెట్టేసినాడు. సాయిబు ఇట్లయితాదని ముందే చెప్పినాడు. నువ్వూ వింటివి, నవ్వితివి."

గురవయ్య ఏదో అనబోయాడు. ఆమె ఆపింది.

"శివన్నను అడగాల్నంటే, ముందు నన్ను నరికి పో."

గురవయ్య మోకాళ్ళ మీద కూలబడి, అన్న కాళ్ళు పట్టుకొని, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. వరండాలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే బయటికి పోయారు. జీపుల ఇంజన్లు ఆగిన చప్పుడు లోపలికి వినబడింది. వాయిదా ఇంకొక తేదీకి పడింది. పరీక్ష కాగితం నెలల తరువాత వచ్చింది, విషం లేదని. అప్పటికి దాని కోసం అడిగేవాళ్ళు లేరు.

కుర్ర డాక్టర్లకు ఇది చెబితే నరసమ్మను మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. నాకు మాత్రం గురవయ్య మీద ఇప్పటికీ కోపం లేదు. అన్న బతకాలనే మాత్ర వద్దన్నాడు. మన దేశంలో మందులు మానిపించేవాళ్ళలో ఎక్కువమంది ప్రేమ ఉన్నవాళ్ళే. రోగికి చెప్పి ఊరుకుంటే చాలదు, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో కనుక్కొని ఆ మనిషిని కూర్చోబెట్టి చెప్పాలి. నేను పాఠమంతా ఓబులన్నకు చెప్పాను. చెప్పవలసిన మనిషి ఆయన వెనక నిలబడి నవ్వుతుండె.

శివన్న చెయ్యి

శివన్న ఆ తరువాత శానా ఏళ్ళు బతికాడు. ముసలితనంలో మంచం మీద, మనవళ్ళ మధ్య పోయాడు. ఆ వంశంలో అట్లా పోయిన మొదటి మొగవాడు ఆయనేనని వాళ్ళవాళ్ళు చెప్పుకుంటారు. ఆయన నాడి కూడా మెల్లగా దిగింది. మాత్రతో దిగిందా, రాజీతో దిగిందా అంటే నేను చెప్పలేను. రెండూ వదలొద్దని మాత్రం చెప్పాను.

ఓబులన్న పోయిన కొన్నాళ్ళకు, ఒక మంగళవారం పొద్దున్నే శివన్న మా ఇంటికి వచ్చాడు. వెంట ఒక్కడే మనిషి. ఈ రోజు నీది కాదు గదా శివన్నా అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయనే అర్థం చేసుకొని, "ఇంగ ఎవురి దినమైతే ఏమి సాయిబూ. చూడు" అని చెయ్యి చాపాడు.

వెంటనే పట్టుకోలేదు. బల్ల మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, పేపరు తెరిచాను. శనివారాల్లో ఎప్పుడూ కాళ్ళు ఆడించేవాడు, ఆ రోజు కదలకుండా కూర్చున్నాడు. తరువాత నిమిషం నిండా లెక్కపెట్టాను. వేగంగానే ఉంది. ఎంతుందో చెప్పాను.

చెయ్యి వెనక్కి తీసుకుంటూ, "ఓబులన్నకు ఎంతుండె?" అని అడిగాడు.

ఒకరి నాడి ఇంకొకరికి చెప్పనన్నాను. ఇన్నేళ్ళూ నీది ఆయనకు చెప్పలేదు, ఆయనది నీకు చెప్పనన్నాను.

"చెప్పొద్దులే. ఆయప్పదీ నాదీ ఒకటే" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పగవాడి కోసం ఏడ్చిన మనిషిని నేను చూడటం అదే మొదలు. జేబులో నుంచి మాత్ర తీసి, నన్ను నీళ్ళు అడిగి, నా ఎదుటే మింగి జీపెక్కాడు.

ఆ రోజు వాయిదా.